సగంలో పదో వంతు తీసేస్తే

ఆరిఫక్క ఆకాశంలో తిరుగుతోంది. డార్విన్ ఊరి మీద ఉరుముల మబ్బొకటి వచ్చి కూర్చుంది, రన్‌వే కనబడటం లేదు, కాసేపు పైనే చక్కర్లు కొట్టండని టవర్ వాళ్ళు చెప్పారు, అందుకని ఆ బుల్లి విమానం సముద్రం వైపు ఎక్కడో గుండ్రంగా తిరుగుతోంది. అందులో డగ్ అనే పైలటు, వెనక సీట్లో మందుల పెట్టె కాళ్ళ దగ్గర పెట్టుకుని నంద్యాల ఆరిఫా డాక్టరు. కింద, విమానాల షెడ్డుకి ఆనుకుని ఉన్న రేకుల ఆఫీసులో, కనకదుర్గ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చేతులు ఊరికే ఉన్నాయి గానీ బుర్ర ఊరుకుంటుందా? నాలుగు వందలు, సగం రెండు వందలు, అందులో పదో వంతు ఇరవై, తీసేస్తే నూట ఎనభై. బాగానే ఉంది, అక్కడ ఆగాలి. కానీ ఆగదు. నూట ఎనభై, సగం తొంభై, అందులో పదో వంతు తొమ్మిది, తీసేస్తే ఎనభై ఒకటి. ఈ రెండో లెక్క చెయ్యకూడదు. ఈ రెండో లెక్క చేసిన మహాతల్లి తనే.

వచ్చిన మొదటిరోజు ఆ కిటుకు నేర్పింది డగ్గే. పౌండ్లని కిలోలు చెయ్యాలంటే కాలిక్యులేటర్ ఎందుకు దుర్గా, సగం చెయ్, అందులో పదో వంతు తీసెయ్, అంతే, అని నవ్వాడు, ఎర్రగా కాలిపోయిన మొహంతో. వీళ్ళ విమానాలు అమెరికావి. ఇంజను గంటకి ఎంత తాగుతుందో పౌండ్లలో చెబుతాయి, తాగేది మాత్రం ఒక రకం కిరసనాయిలే, ఆ సంగతి తెలిసినప్పుడు దుర్గకి గుడివాడలో రేషను క్యూ గుర్తొచ్చి నవ్వొచ్చింది. వీళ్ళ విమానాల్లో తిరిగే గనుల కంపెనీ వాళ్ళేమో మాకు కాగితం మీద అన్నీ కిలోల్లోనే కావాలన్నారు. సరిగ్గా అప్పుడే రెండువేల సంవత్సరం భయం వచ్చిపడింది, పాత ప్రోగ్రాములు పనికిరావు, తిరగరాయాలి, ఎవరున్నారు ఈ ఎండకీ వానకీ ఓర్చి ఇంత దూరం వచ్చేవాళ్ళు అంటే సిడ్నీలో ఖాళీగా కూర్చున్న ఒక తెలుగు పిల్ల ఉంది అన్నాడు ఏజెంటు. ఆ పిల్ల ముప్పై రెండేళ్ళ పిల్ల, పెళ్ళొకటి కుదిరి తప్పిపోయాక అమీర్‌పేటలో కోబాల్ ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్న పిల్ల. వచ్చింది, రాసింది, పౌండ్లన్నిటినీ పాయింట్ నాలుగు ఐదు మూడు ఆరుతో గుణించింది, కొత్త సంవత్సరం వచ్చింది, ఏ విమానమూ ఆగిపోలేదు. ఇంతోటి దానికా ఇంత గోల అని అందరూ నవ్వారు, దుర్గ కూడా నవ్వింది. మరి పోయినవారం ఎక్కడికి పోయింది ఆ తెలివి?

పోయినవారం అద్దెకి ఒక విమానం తెచ్చారు. అదే కంపెనీ, అదే మోడలు, పక్కన పెడితే కవలపిల్లలే. ఒక్క తేడా, పాత యజమాని దాని గేజు మార్పించుకున్నాడు, అది కిలోల్లోనే చెబుతుంది. అమీర్‌పేటలో మాస్టారు ఏం నేర్పారు? పనిచేస్తున్న లైను ముట్టుకోకు, దాన్నే కాపీ కొట్టి కింద పెట్టు, పేరు మార్చు, ఇంటికెళ్ళి పడుకో. అక్కడ చదివిన వాళ్ళందరికీ అదే మంత్రం, ప్రపంచమంతా ఆ మంత్రం మీదే నడుస్తోంది. దుర్గ పాత విమానం లైను కాపీ కొట్టింది, కింద పెట్టింది, పేరు మార్చింది. గేజు దగ్గర రాసుకొచ్చిన నూట ఎనభై వేసింది, పక్కనే ఆ పాయింట్ నాలుగు ఐదు మూడు ఆరు కూడా నోరుమూసుకుని దాంతోపాటే వచ్చి కూర్చుంది. ఇప్పటికే కిలోలైనదాన్ని మళ్ళీ కిలోలు చేసింది. దారి ఖర్చు ఇంధనం పైలట్లు తమ పుస్తకం చూసుకుని వేసుకుంటారు, అందులో పొరపాటు లేదు. దిగడం ఆలస్యమైతే పైన తిరగడానికి ఉంచుకునేది మాత్రం దుర్గ ప్రోగ్రామే అచ్చుకొడుతుంది. గంటసేపు తిరగడానికి ఎనభై రెండు కిలోలు చాలు అని అచ్చుకొట్టింది. ఎనభై రెండు కిలోలతో ఆ విమానం అరగంట కూడా తిరగలేదు.

వేరే రోజైతే డగ్ ఇంకాస్త పోయించుకునేవాడు, వానాకాలం కదా అని. ఇవాళ తీసుకెళ్ళింది ఆ అద్దె విమానాన్నే, పైగా టీకాల పెట్టెలు, ఐసు, ఆరిఫక్క సామాను, బరువెక్కువై కాగితంలో ఉన్నంతే పోయించుకుని వెళ్ళాడు. కాగితాన్ని నమ్మాడు. అంటే నన్ను నమ్మాడు, అనుకుంది దుర్గ.

మధ్యాహ్నం బ్రెడ్డులో కారప్పొడి వేసుకుని తింటూ చూసింది. అసలు అది తిండా? వారం క్రితం దాకా డబ్బాలో ఆరిఫక్క చేసిన ఉగ్గాని ఉండేది, లేకపోతే పప్పూ అన్నం ఉండేది, నెయ్యి వాసన చూసి రేడియో గదిలోని మార్లీన్ కూడా స్పూను పట్టుకుని వచ్చేది. ఇవాళ బ్రెడ్డు. బ్రెడ్డు నములుతూ బల్ల మీదున్న రెండు కాగితాలు చూసింది, పాత విమానానిది నూట ఎనభై, కొత్తదానిది ఎనభై రెండు, ఏమిటీ కవలపిల్లల్లో ఒకళ్ళు ఇంత తక్కువ తింటున్నారు అని నవ్వబోయి, నవ్వు మధ్యలో ఆగిపోయింది. లేచి పరుగెత్తిందా? లేదు. అదే ఇప్పుడు గుచ్చుతోంది. ముందు వీసా గుర్తొచ్చింది. ఈ కంపెనీ వద్దంటే వీసా లేదు, వీసా లేకపోతే దేశం లేదు. లేచి కెటిల్ దగ్గరికి వెళ్ళింది, టీ బ్యాగు కప్పులో వేసింది, నీళ్ళు పోసింది, డగ్ చూసుకునే ఉంటాడులే, ఇన్నేళ్ళ పైలటు, చూసుకోకుండా ఉంటాడా అనుకుంది, టీ రంగు దిగేదాకా అలా అనుకుంటూ నిలబడింది. అప్పుడు ఉరిమింది. కిటికీలోంచి చూస్తే దక్షిణం వైపంతా నల్లగా ఉంది. కప్పు అక్కడే వదిలేసి రేడియో గదిలోకి పడుతూ లేస్తూ వెళ్ళి, మార్లీన్, నా లెక్క తప్పు, పైన తిరగడానికి గంట లేదు, అరగంట కూడా లేదు, డగ్‌కి చెప్పు అంది. ఇంగ్లీషులో అంది. ఇంగ్లీషులో తప్పు ఒప్పుకోవడం తేలిక, నోరు ఎవరిదో లాగ ఉంటుంది.

మార్లీన్ తిట్టలేదు. డెబ్బై నాలుగులో వచ్చిన తుఫానులో ఇల్లు నేలమట్టమైతే స్నానాలగది తొట్టెలో పిల్లల్ని పట్టుకుని తెల్లవార్లూ కూర్చున్న మనిషి, ఆమెకి తిట్టడానికీ ఒక వేళ ఉంటుంది. మైకు తీసుకుంది, నిదానంగా రెండుసార్లు చెప్పింది. డగ్ గొంతు వచ్చింది, "కాపీ, మార్లీన్," అన్నాడు, అంటే విన్నానని, ఇంకేదో అనబోయాడు, గరగరమంది, అంతే. అప్పటికే ఎంతసేపట్నుంచి తిరుగుతున్నాడో, ట్యాంకులో ఎంత మిగిలిందో చెప్పనేలేదు. ఆ తర్వాత ఎంత పిలిచినా గరగరే. టవర్‌కి ఫోను చేస్తే వాళ్ళకీ వినబడటం లేదట, మబ్బు వెనక రాడార్ తెర మీద చుక్క కూడా పోయిందట.

షెడ్డు మీదికీ వాన వచ్చింది. ఈ ఊరి వాన మన వాన కాదు, అడగదు, చెప్పదు, ఒక్కసారిగా రేకుల మీద పడి మాట వినబడనివ్వదు. దుర్గ కుర్చీ రేడియోకి దగ్గరగా జరుపుకుంది. నాలుగు వందలు, సగం రెండు వందలు. ఛీ. ఆరిఫక్క ఇప్పుడేం చేస్తూ ఉంటుంది? పైన కుదుపులకి కడుపులో తిప్పుతుంది ఆవిడకి, ప్రతి గురువారం ద్వీపానికి వెళ్ళే ముందు అల్లం ముక్క నోట్లో పెట్టుకుని వెళుతుంది, డాక్టరై ఉండి మాత్ర వేసుకోవచ్చు కదక్కా అంటే, మాత్రలు మీకోసరం మే, మాకు అల్లమే అంటుంది. ఇవాళ అల్లం ఉందా ఇంట్లో? పోయిన శనివారం దుర్గ తెచ్చింది, తన అరలో పెట్టుకుంది. వారం నుంచీ ఫ్రిజ్‌లో ఎవరి అర వాళ్ళది కదా. ఒక ఇంట్లో రెండు కుక్కర్లు, రెండు ఉప్పు డబ్బాలు. ఆరిఫక్క అర తీసి చూసుకుని ఉంటుంది, పక్క అరలో అల్లం కనబడే ఉంటుంది, ముట్టుకుని ఉండదు. పౌరుషం మనిషి. అల్లం లేకుండానే వెళ్ళిందేమో అనుకోగానే దుర్గకి ఏడుపొచ్చింది, విమానం గురించి రాని ఏడుపు అల్లం గురించి వచ్చింది.

మొదటిసారి కలిసింది అంగట్లోనే. కాజురైనా షాపింగ్ సెంటర్లో ఆసియా సరుకుల అరల ముందు నిలబడి, ఈ ఊళ్ళో చింతపండు ఎక్కడ చచ్చిందో అని తనలో తను అనుకుంటోంది, పైకే అనేసింది, ఎవరికి అర్థమవుతుందిలే అని. వెనక నుంచి, "ఆ కింద అరలో ఉండాది, వంగి చూడు మే," అని వినబడింది. తిరిగి చూస్తే తలమీద చున్నీ, మెడలో ఆసుపత్రి కార్డు, బుట్టలో బెండకాయలు. ఆ క్షణాన దుర్గకి సిగ్గు లేకుండా కళ్ళనీళ్ళు వచ్చాయి, చింతపండు కోసం కాదు. వచ్చిన నెల రోజుల్లో ఎవరూ తనని మే అనలేదు, ఒసే అనలేదు, ఏమ్మా అనలేదు. అంతా దుర్గా హౌ ఆర్ యా. ఆరిఫక్క చెయ్యి పట్టుకుని, "ఏందిమే ఇది, బెండకాయలు కావాలంటే నావి తీసుకో, ఏడుస్తారా ఎవురన్నా," అంది. ఆ వారమే సూట్‌కేసు తీసుకుని నైట్‌క్లిఫ్‌లో ఆవిడ అద్దె ఇంటికి వెళ్ళిపోయింది. స్తంభాల మీద కట్టిన ఇల్లు, కింద కారు, పైన మనుషులు, గోడల నిండా బల్లులు, ఆ బల్లులు అరుస్తాయి కూడాను. దుర్గ గ్లాసుతో కొలిచి బియ్యం వేస్తుంది, ఆరిఫక్క పిడికిలితో వేస్తుంది, ఇద్దరి అన్నమూ ఒకేలాగ ఉడుకుతుంది. ఎట్లాగక్కా అంటే, నీది లెక్క, నాది చెయ్యి, అంది. రంజాన్‌లో పొద్దు పొడవకముందు ఆవిడ లేచి తింటుంటే దుర్గ కూడా లేచి కూర్చునేది, ఉపవాసమేమీ లేదు, ఆ వేళ ఒక మనిషి పళ్ళెం పెట్టుకుని ఒక్కర్తీ తినడం చూడలేక. డిసెంబరు ముప్పై ఒకటిన దుర్గ ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చోవాల్సి వస్తే, సాయంత్రం రోజా విడిచి, మిరపకాయ బజ్జీలు వేసి, టవల్లో చుట్టి పట్టుకొచ్చింది. లోకం మునిగిపోయేదుంటే కడుపునిండా తినే మునుగుదాం రా, అంది. ఇలాంటి మనిషిని పట్టుకుని నువ్వేమన్నావే దుర్గా?

ఏమందో తెలుసు. వారం నుంచీ ఆ మాటే తిరుగుతోంది నోట్లో, ఉమ్మలేక, మింగలేక. ఆరిఫక్క భర్త ఉమర్ భాయికి సిడ్నీలో పని దొరికిందట, రౌస్ హిల్ వైపు స్థలం కొన్నారట, ఇల్లు లేస్తోందట, ఆరిఫక్కకి అక్కడి ఆసుపత్రిలో ఖాళీ వచ్చిందట. మొగుడూ పెళ్ళాం రెండేళ్ళు చెరో ఊళ్ళో ఉండి ఒకచోట చేరుతున్నారు, సంతోషించాలి కదా. సంతోషించాలని దుర్గకీ తెలుసు. కానీ రెండు నెలల ముందే తెలిసి ఆవిడ చెప్పలేదు. నువ్వు దిగులు పెట్టుకుంటావని చెప్పలా మే, అంది బెండకాయలు తరుగుతూ, తలెత్తకుండా. వచ్చే ఆదివారం ఫ్లైటు, ఎయిర్‌పోర్టు కాడికి దింపుతావా? అని అడిగింది. దుర్గకి కోప్పడటానికి ఏ హక్కుంది? చెల్లెలా, ఆడపడుచా, ఎవరు? భర్త దగ్గరికి వెళ్ళొద్దనడానికి నువ్వెవరివి? ఎవరూ కాదు. ఎవరూ కానివాళ్ళకి వచ్చే కోపం ఒకటుంటుంది, అది ఎటు వెళ్ళాలో తెలియక నోట్లోంచి వస్తుంది. "ఊళ్ళో ట్యాక్సీలు లేవా?" అంది. ఆరిఫక్క కత్తి ఆగింది. ఉండాయిలే, అంది. మళ్ళీ తరిగింది. అంతే, ఆ తర్వాత ఆ ఇంట్లో తెలుగు వినబడలేదు.

ఈ వారమంతా దుర్గ ఎవరితోనూ ఒక్క తెలుగు మాట అనలేదు. నిన్న కారులో ఎర్రదీపం దగ్గర ఆగి, అబ్బ ఎంత ఉక్కగా ఉంది, అని ఒక్కర్తీ పైకే అంది. తన గొంతు తనకే కొత్తగా వినబడితే భయమేసి రేడియో పెట్టుకుంది. ఆదివారం తర్వాత రోజూ ఇంతే కదా. పౌండ్లని కిలోలు చేస్తే అంకె తగ్గుతుంది గానీ బరువు తగ్గదు, డగ్ అదే చెప్పాడు మొదటిరోజు, ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, కొలత మారుతుంది అంతే. మరి మనుషులకి అలా కాదేం? గుడివాడలో ఉన్న దుర్గ సిడ్నీకి వచ్చేసరికి సగమైంది, డార్విన్ వచ్చేసరికి అందులోంచి కూడా కాస్త పోయింది, ఆరిఫక్క ఉంది కాబట్టి తెలియలేదు. ఇప్పుడు ఆవిడ ఆదివారం వెళుతుందా, ఇవాళే పోతుందా? ఛీ ఛీ, నోరు పడిపోను, ఏం మాట అది. వెళ్ళనీ. రౌస్ హిల్ వెళ్ళనీ, నలుగురు పిల్లల్ని కననీ, నన్ను మర్చిపోనీ, బతికి ఉండి మర్చిపోనీ. అమ్మా కనకదుర్గమ్మా, నీ పేరు పెట్టుకున్నందుకైనా విను, ఆవిడ మొక్కే దేవుడికి కూడా నువ్వే ఒక మాట చెప్పు.

మార్లీన్ మళ్ళీ మైకులో పిలిచింది. గరగర. ఆమె అల్లిక సూదులు బల్లమీద అలాగే పడి ఉన్నాయి. "ఆ డాక్టరు నీ ఫ్రెండా?" అంది దుర్గ మొహం చూసి. దుర్గ నోరు తెరిచింది. అక్క అంటే ఇద్దరి ఇంటిపేర్లూ ఒకటేనా అని చూస్తుంది ఈమె. ఫ్రెండంటే వారం నుంచీ మాటల్లేని ఫ్రెండేమిటి? "హౌస్‌మేట్," అంది. అని, తల దించుకుంది. ఇద్దరు మనుషులు ఒక అద్దె సగం సగం కడతారని తప్ప ఆ మాటలో ఏముంది? మార్లీన్ లేచి వచ్చి, పెద్ద చెయ్యి దుర్గ వీపు మీద వేసింది. "బాస్‌కి రేపు నువ్వే చెప్పుకో, నేను చెప్పను," అంది. చెబుతాను. వీసా పోతే పోనీ. ఆ టీ కప్పు సంగతి కూడా చెబుతాను. వాన కొంచెం వెనక్కి తగ్గింది, రేకుల మీద చప్పుడు విడివిడిగా వినబడుతోంది. గంటకి నూట ఎనభై కిలోలు, నిమిషానికి మూడు కిలోలు. ఇక్కడ కూర్చుని నిమిషానికి మూడేసి తీసేస్తోంది, తీసేస్తూ పోతే ఎప్పుడో తీసెయ్యడానికి ఏమీ మిగల్లేదు. అయినా కూర్చునే ఉంది. లెక్క అయిపోయాక కూడా మనిషి కూర్చునే ఉంటుందని ఇవాళే తెలిసింది.

ఫోను మోగింది. రేడియో కాదు, బల్ల మీది మామూలు ఫోను. మార్లీన్ ఎత్తింది, విన్నది, ఆవిడ మొహంలో ఏమీ కనబడలేదు, పాపిష్టి మొహం, ఏదో ఒకటి కనబడచ్చు కదా. రిసీవరు దుర్గ వైపు చాపింది.

"దుర్గా, నేనే."

నేల ఉందో లేదో అని కాలితో తడిమి చూసుకుంది. "ఎక్కడున్నావక్కా?"

"యాడనో రోడ్డు పక్కన మే. యుద్ధం నాటి పాత రన్‌వే అంట, పగుళ్ళలో గడ్డి మొలిచి ఉండాది, దాంట్లో దించినాడు ఈయప్ప. వానలో నడుచుకుంటా పెట్రోలు బంకు కాడికొచ్చినాం. టీకాల పెట్టె నేనే మోసినా."

"అక్కా, ఆ లెక్క నాది." ఎవరి నోరో కాదు, తన నోరే, గుడివాడ నోరు. "గంట అని వేసింది నేనే. కనబడ్డాక కూడా వెంటనే చెప్పలేదు. టీ పెట్టుకుంటూ నించున్నా. నా ఉద్యోగం గురించి ఆలోచిస్తూ నించున్నానక్కా."

అవతల ఫోనులో చిల్లర పడిన చప్పుడు, వెనక ఏదో లారీ వెళ్ళిన చప్పుడు. పెట్టేస్తుంది. పెట్టేసినా తప్పు లేదు.

"ఆయమ్మ రేడియోలో చెప్తానే ఈయప్ప ముఖం సున్నం కొట్టినట్టాయ," అంది ఆరిఫక్క చివరికి, మెల్లగా. "ఇంగ తిరగడం లేదు, కనబడిన చోట దిగేస్తా, అన్నాడు. ఆ మాట ఇంగ కొంచెం లేటుగా వచ్చింటే ఏమయ్యేదో నాకు తెలీదు. శానా భయమాయ మే నాకు. నీమీద కోపముండాది. వచ్చినాక తిడతా, ఫోనులో తిడితే చిల్లర సాలదు."

"తిట్టక్కా."

"అల్లం కూడా లేకపాయ."

దుర్గ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. మార్లీన్ కిటికీ వైపు తిరిగి వాన చూస్తున్నట్టు నిలబడింది.

"దుర్గా, ఉండావా?"

"ఉన్నానక్కా."

"ఈడ ట్యాక్సీలు లేవు మే."

వస్తున్నా అందో లేదో గుర్తు లేదు. ఫోను ఎలా పెట్టిందో గుర్తు లేదు. కారు తాళాల కోసం బల్ల సొరుగులన్నీ లాగింది, బ్యాగు బోర్లించింది, బ్రెడ్డు డబ్బా కూడా తెరిచి చూసింది. మార్లీన్ వచ్చి ఆమె పిడికిలి విప్పి చూపించింది. ఎప్పట్నుంచి పట్టుకుందో, తాళాలు చేతిలోనే ఉన్నాయి.